చుక్క మిగలకుండా

సీసా కడగడమంటే నీళ్ళు పోసి ఊపి పారెయ్యడం కాదు. ముందు మూత విప్పాలి. మూతలో రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాన్ని గోటితో లేపాలి, అసలు మురికంతా దాని వెనకే దాక్కుంటుంది. తర్వాత సోడా కలిపిన వేణ్ణీళ్ళు సగానికి పోసి, పొడుగుకాడ బ్రష్షు దించి, అడుగున మూడు చుట్లు, భుజాల దగ్గర మూడు చుట్లు, మెడలో రెండు చుట్లు తిప్పాలి. ఆపైన మంచినీళ్ళతో మూడుసార్లు జాడించాలి. మూడోసారి జాడించిన నీళ్ళు అరచేతిలో పోసుకుని వేళ్ళు రాపాడిస్తే జారుడు తగలకూడదు. అప్పుడు తెల్లగుడ్డ మీద బోర్లించాలి.

రాగిరాయి కడిగే ఫ్యాక్టరీలో, ల్యాబు వెనక సిమెంటు అరుగు మీద కూర్చుని తొమ్మిదేళ్ళుగా ఈ పనే చేస్తోంది కాబట్టి ఆవిణ్ణి అందరూ సీసాల పిన్ని అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు.

ఆ పొద్దున కూడా టౌనులో నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు నుంచి జీపు వచ్చి అట్టపెట్టె దించి వెళ్ళింది. పెట్టెలో ఐదు సీసాలు. నాలుగు నింపడానికి, ఒకటి పగిలితే అక్కరకొస్తుందని. ఎప్పట్లాగే ఒక్కోదాని అడుగున అరచెంచాడు నీళ్ళలాంటిదేదో ఉంది.

"అంత పెద్ద ల్యాబు పెట్టుకున్నారు, సీసాలు ఆరబెట్టుకోవడం చేతకాదు వీళ్ళకి," అని గొణుక్కుంటూ పిన్ని ఆ చుక్కల్ని తూములోకి వంచేసింది. ఒకటి రెండుసార్లు అది వేలి మీద పడి చురుక్కుమనకపోలేదు. పాత సబ్బేమో అనుకుని ఊరుకుంది.

ఇవాళ మరీ శ్రద్ధగా తోమింది. ఎందుకు తోమదూ! ఈ మూడు రోజుల నీళ్ళ మీదే నలభై ఇళ్ళ ఆశంతా ఉంది. రాయిని పిండి చేసి, మందులు కలిపిన నీళ్ళలో నురగ లేపితే రాగి ఆ నురగతో పైకి తేలుతుంది. మిగిలిన బురదనీళ్ళు గుండ్రటి పెద్ద తొట్టిలోకి వస్తాయి. అక్కడ సున్నం, జిగురుమందు పోస్తే బురద అడుక్కి దిగిపోయి తేటనీళ్ళు అంచు మీంచి పొర్లుతాయి. ఆ తేటే మళ్ళీ మిల్లుకి పోతుంది. పరీక్షలో అంకెలు బాగున్నాయని టౌను నుంచి కాగితం వచ్చినప్పుడల్లా మిగులు నీళ్ళని కింద వాగులోకి వదులుతారు. ఈ ఎండలకి కూలీల ఇళ్ళ లైనులో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తుంటే, మేనేజరు కొత్త మాట చెప్పాడు. మిగులు నీళ్ళని ఇసుకలోంచి వడకట్టి లైను ట్యాంకులోకే ఎక్కిస్తారట. మూడు రోజులు వరసగా పరీక్షకి పంపాలి, అంకెలు బాగుంటే ఐదో రోజు పొద్దున వాల్వు తిప్పుతారు.

పిన్ని నాలుగు సీసాలూ అందించింది, తొట్టి అంచున నీళ్ళు పట్టారు, జీపు తీసుకుపోయింది. మిగిలిన ఒక్కటీ గుడ్డ మీద బోర్లా ఉండగా ల్యాబు పిల్ల చేతులు తుడుచుకుంటూ వెనక్కి వచ్చింది. చేరి పదిహేను రోజులైంది. సన్నగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయినదానిలా ఉంటుంది.

"పిన్నీ, ఇది పొద్దున వచ్చిన పెట్టెలోదేనా?"

"అవునమ్మాయ్. కావాలంటే అందులో మొహం చూసుకో, అద్దంలా ఉంది."

"లోపల చుక్కలుండాలిగా? ఏమయ్యాయి?"

"పారబోశాను. వాళ్ళకెలాగూ శుభ్రం లేదు, మనక్కూడా లేకపోతే ఎలా?"

ఆ పిల్ల తడి అరుగు మీదే కూలబడింది. వెనక బట్టలు తడుస్తున్నాయన్న ధ్యాస కూడా లేదు.

"ఎన్నాళ్ళుగా పారబోస్తున్నావు?"

"ఎన్నాళ్ళేమిటి, వచ్చినప్పట్నుంచీ. తొమ్మిదేళ్ళలో ఒక్క సీసాలో చుక్క మిగిల్చానేమో అడుగు ఎవర్నయినా."

పిల్ల అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "అది యాసిడ్ పిన్నీ. కావాలనే వేసి పంపుతారు. నీళ్ళలో కరిగిన లోహం ఉంటుంది చూడు, కంటికి కనపడదు. ఆ చుక్కలుంటేనే అది నీళ్ళలో నిలుస్తుంది. లేకపోతే సీసా గోడలకి పట్టేస్తుంది. టౌనులో వాళ్ళు నీళ్ళే చూస్తారు, గోడలు చూడరుగా. ఏమీ లేదనే వస్తుంది."

పిన్నికి సగం తలకెక్కలేదు. అరుగు చివర పొద్దుటి టీ గ్లాసు ఉంది. టీ ఎప్పుడో తాగేసింది. గ్లాసు గోడల చుట్టూ గోధుమరంగు చార మాత్రం అలాగే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి చూసింది.

"ఇలాగా?" అంది.

"అలాగే."

"అయితే ఇన్నేళ్ళూ వాళ్ళు చూసింది నేను తాగేసిన గ్లాసా?"

పిల్ల తల వంచుకుంది. "నేను చెప్పానని అనకు పిన్నీ. ఇంకా నా ఉద్యోగం ఖాయం కాలేదు. నువ్వే ల్యాబు ఇన్‌ఛార్జి గారితో తెలీనట్టు అడుగు."

పిన్ని బోర్లించిన సీసాని చూస్తూ ఉండిపోయింది. అంత తెల్లగా తోమిన సీసా ఆవిడ చేతిలో ఇంతకుముందెప్పుడూ పడలేదు.

*

ఇంటికి వెళ్ళేసరికి కోడలు వాకిట్లో నీలం డ్రమ్ము పడుకోబెట్టి నడుం దాకా దాన్లో దూరి తోముతోంది. బయటికి రెండు పాదాలే కనపడుతున్నాయి. మూడేళ్ళ మనవరాలు చిట్టిది డ్రమ్ము మీద దరువేస్తోంది.

"అత్తయ్యా, వచ్చారా? రండి, చూడండి. పైపై కడుగుతానంటారుగా ఎప్పుడూ, తల దూర్చి మరీ చూడండి," అంది కోడలు లోపల్నుంచే. డ్రమ్ములో మాట గుయ్యిమంది.

పిన్నికి నవ్వు రావాలి. ఆ ఇంట్లో పదేళ్ళ పోరు అదే మరి. గిన్నె బయట తళతళలాడించి లోపల జిడ్డు వదిలేస్తుందని అత్తగారు, లోపల చూసుకోవడానికి మీరున్నారుగా అని కోడలు.

"ఇంత తొందరేమొచ్చింది?" అంది.

"ఇంకా నాలుగు రోజులేగా! ఇంటి ముందు కుళాయి అత్తయ్యా. తిప్పితే వస్తాయి. ఆ ట్యాంకరు దగ్గర జుట్లు పట్టుకునే పని లేదు." కోడలు బయటికొచ్చి నడుం మీద చెయ్యేసుకుని మెల్లగా నిటారుగా నిలబడింది. కిందటి వేసవిలో బిందెతో జారిపడ్డప్పట్నుంచీ అలాగే లేస్తుంది. "మొదటి బిందె నీళ్ళు దీనికి పొయ్యాలి. ఒళ్ళు తడిసేలా స్నానం చేసి ఎన్నాళ్ళయిందో."

చిట్టిది వాకిట్లో ఎండిపోయిన కుళాయి కింద దోసిలి పట్టి, లేని నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంది. అది దాని ఆట.

పిన్ని లోపలికి వెళ్ళి ఊరికే గిన్నెలు సర్దింది. చెప్పాలనుకుంది. ఏమని చెప్పాలి? కుళాయి రాకూడదని మొక్కుకో అనాలా? గోడకి చేరబడి కూర్చుంటే వాగు అవతల కాపురముండే మేకలావిడ గుర్తుకొచ్చింది. పోయినేడు వరసగా ఏడు మేకలు నురగ కక్కి పడిపోతే, ఏదో తెగులు అన్నారు. ఆవిడ ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చి ఏడిస్తే, "మా నీళ్ళు పరీక్ష చేయించిన నీళ్ళమ్మా" అని ఇన్‌ఛార్జి కాగితం చూపించి పంపేశాడు. ఆ కాగితం వెనకున్న సీసాలు తోమిన చేతులు ఒళ్ళో ఉన్నాయి. పిన్ని వాటిని కొంగులో చుట్టుకుంది.

*

మర్నాడు ఇన్‌ఛార్జి గది ముందు నిలబడింది. చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విడిచింది.

ఇన్‌ఛార్జి మంచివాడే అనుకునేది పిన్ని. ఎప్పుడూ పిన్నీ అనే పిలుస్తాడు. ఫైలులోంచి తలెత్తి, "ఏంటి పిన్నీ, పొద్దున్నే?" అన్నాడు.

"ఏం లేదు బాబూ. సీసాల సంగతి. నాకేదో అనుమానంగా ఉంది. వాటిని అలా కడగచ్చా అని..."

"ఆ చుక్కల సంగతేగా?"

పిన్ని తలెత్తి చూసింది. చుక్కల మాట ఆవిడింకా ఎత్తనే లేదు.

ఇన్‌ఛార్జి కలం మూత పెట్టి, నిదానంగా జేబుకి తగిలించుకున్నాడు. "తొమ్మిదేళ్ళుగా ఎలా కడుగుతున్నావో అలాగే కడుగు. నీ అంత శుభ్రంగా కడిగేవాళ్ళు ఈ జిల్లాలోనే లేరు. ఇప్పుడు కొత్త అనుమానాలెందుకు?"

"లైనులో పిల్లలు తాగుతారు బాబూ ఆ నీళ్ళు."

"ఇసుకలో వడకడతాంగా. తేటగా లేవూ? నువ్వే చూశావుగా, అడుగున చిల్లరేస్తే కనపడుతుంది." కాసేపాగి, ఏదో అప్పుడే గుర్తొచ్చినవాడిలా, "నీ కొడుకు మిల్లులో ఇంకా టెంపరరీయే కదూ? పర్మనెంటు చెయ్యడానికి ఈ నెల పేర్లు పంపుతున్నాం. చూద్దాంలే," అన్నాడు.

అంతే. అరవలేదు, కసరలేదు. కసిరినా బావుండేది.

జీపు వచ్చింది. అతనే స్వయంగా పెట్టె పట్టుకుని అరుగు దగ్గరికొచ్చాడు. గోడకి ఆనుకుని ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. పిన్ని మూతలు విప్పింది. ఐదు సీసాల అడుగున ఐదు చోట్ల ఎండ తళుక్కుమంది. ఒకటి వంచింది. రెండోది వంచింది. చెయ్యి ఆగుతుందేమోనని చూసింది గానీ ఆగలేదు. కొడుకు చొక్కా భుజాల దగ్గర చిరిగి వేలాడడం కళ్ళలో మెదిలింది. ఐదూ వంచేసి, బ్రష్షు అందుకుని, అడుగున మూడు చుట్లు, భుజాల దగ్గర మూడు చుట్లు, మెడలో రెండు. చేతులకి పని ఎంత బాగా వస్తే అంత పాడు, వద్దన్నా ఆగవు.

"చూశావా," అన్నాడు ఇన్‌ఛార్జి వెళ్ళిపోతూ. "బంగారంలాంటి చేతులు."

ఆ రోజు పిన్ని అన్నం ముట్టలేదు. కోడలు కంచం ముందు పెట్టి, "ఏం, కంచం కూడా పైపైనే కడిగాననా?" అని దెప్పింది. జవాబు రాకపోయేసరికి భయపడి నుదురు పట్టి చూసింది.

*

మూడో రోజు పెట్టె వచ్చేసరికి ఇన్‌ఛార్జి తొట్టి దగ్గర పంపు చూస్తున్నాడు. అరుగుకి అతనికీ మధ్య ముప్ఫై అడుగులుంటాయి. నడుమ నడుమ తలతిప్పి ఇటు చూస్తున్నాడు.

పిన్ని బకెట్టు నింపుకుని కూర్చుంది. మొదటి సీసా తీసింది. మూత మీద వేళ్ళు పెట్టింది. నిన్నటిదాకా అయితే ఆ వేళ్ళు మూత తిప్పేసేవి. ఇప్పుడు మూత బిగుతుగా ఉందో లేదో చూసి, సీసాని మూతతోనే బకెట్టులో ముంచింది. సోడా రాసింది. బయటంతా రుద్దింది, గట్టిగా, భుజాలెగిరేలా, నురగ పైకి లేచేలా. పైన నీళ్ళు పోసింది. మూత కనపడకుండా తెల్లగుడ్డ మడతలో బోర్లించింది. లోపల అరచెంచాడు చుక్క మూతలోకి జారి నిలిచింది.

పుట్టి బుద్ధెరిగాక ఒక్క గిన్నె కూడా పైపై కడగలేదావిడ. ఐదో సీసా అయ్యేసరికి చెమట కళ్ళలోకి దిగి మండుతోంది. ఏదో దొంగతనం చేసినట్టు తొట్టి వైపు ఓరకంట చూసింది.

ఇన్‌ఛార్జి అరుగు దగ్గరికి వచ్చాడు. వరసగా బోర్లించిన సీసాలు, వాటి మీద తడి, నురగ పట్టిన బకెట్టు చూశాడు. "అయిందా పిన్నీ?"

"అయింది బాబూ."

నీళ్ళు పట్టేది ల్యాబు పిల్లే. తొట్టి అంచున నిలబడి మొదటి సీసా మూత విప్పింది. లోపలికి చూసింది. మూత ముక్కు దగ్గర పెట్టుకుంది. వెనక్కి తిరిగి పిన్ని వంక ఒక్కసారి చూసి, ఏమీ జరగనట్టు, పొర్లే నీళ్ళ కింద సీసా పెట్టి నింపింది. చుక్క బయటికి పొర్లిపోకుండా మెడ దాకా రాగానే తీసేసింది. జీపు వెళ్ళిపోయింది. మిగిలిన ఐదో సీసాని పిన్ని అన్నం సంచిలో అడుగున పెట్టుకుంది. ఎందుకో ఆవిడకే తెలీదు. అరుగు మీద వదిలి రాబుద్ధి కాలేదు.

*

నాలుగో రోజు మధ్యాహ్నం మేనేజరు గదికి రమ్మన్నారు. చల్లటి గది. మేనేజరు బల్ల వెనక, ఇన్‌ఛార్జి పక్కన, ల్యాబు పిల్ల గోడవారగా కాగితం కలం పట్టుకుని ఉన్నారు.

"మొదటి రెండు రోజులూ బ్రహ్మాండంగా వచ్చాయి," అన్నాడు మేనేజరు. "మూడో రోజు లోహం దానికి పన్నెండు రెట్లు. ఒక్క రోజులో అంత తేడా ఎలా వస్తుంది? సీసాలు మురికిగా ఉండాలి, అంతేగా?"

"అంతే సార్," అన్నాడు ఇన్‌ఛార్జి.

"ఏమ్మా, మూడో రోజు సీసాలు కడిగావా, లేదా?"

"కడగలేదు బాబూ."

 ఇన్‌ఛార్జి పిన్నిని అప్పుడు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు.

"నిజం ఒప్పుకుంది, అదీ మేలే," అన్నాడు మేనేజరు. "ఇలా రాయమ్మా. మూడో రోజు సీసాలు నేను కడగలేదు, తప్పు నాదే. వేలిముద్ర వేయించి టౌను ల్యాబుకి పంపుదాం. ఆ రోజు లెక్క కొట్టేస్తారు. రేపు వాల్వు తిప్పేద్దాం. నువ్వు ఇక పనికి రానక్కర్లేదమ్మా. ఏమనుకోకు."

పిల్ల రాసింది.  సిరా డబ్బీ తెచ్చి ముందు పెట్టారు. పిన్ని బొటనవేలు ముంచింది గానీ కాగితం మీద ఆనించలేదు.

"బాబూ, ఒక్క మాట. తొమ్మిదేళ్ళు చేశాను. చెడ్డపేరుతో పోతున్నాను. ఇంకో ముక్క కూడా రాయించండి. మిగతా అన్ని రోజులూ, ఈ మూడు రోజుల్లో మొదటి రెండు పెట్టెలతో సహా, లోపల వాళ్ళు వేసి పంపిన చుక్క ఒక్కటి కూడా మిగలకుండా పారబోసి, సోడాతో తోమి, మూడుసార్లు జాడించానని."

"అది అనవసరం సార్," అన్నాడు ఇన్‌ఛార్జి గబుక్కున.

"ఎందుకయ్యా అనవసరం? పెద్దావిడ. ఒక్క మంచిమాట రాస్తే మన సొమ్మేం పోయింది? ఎప్పుడూ శుభ్రంగా కడిగేదని ఉంటే ఆ ఒక్క రోజు తప్పు ఇంకా తేటగా తెలుస్తుంది." మేనేజరు పిల్ల వైపు తిరిగాడు. "రాయమ్మా, ఆవిడ చెప్పింది చెప్పినట్టు."

ఇన్‌ఛార్జి పెదవులు కదిలాయి.  ఎందుకు వద్దో చెప్పాలంటే తనకేం తెలుసో చెప్పాలి. చొక్కా జేబులోని కలాన్ని తడుముకుంటూ నిలబడ్డాడు.

పిల్ల ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసి చదివి వినిపించింది. పిన్ని వేలు ఆనించి గట్టిగా నొక్కింది.

*

ఐదో రోజు పొద్దున్నే లైనులో ప్రతి గుమ్మం ముందూ బిందెలు పెట్టారు. కోడలు డ్రమ్ము నిలబెట్టింది. ఎండ ముదిరింది గానీ వాల్వు దగ్గరికి ఎవరూ రాలేదు. ఎప్పటికో ల్యాబు పిల్ల వచ్చి పిన్నిని పక్కకి పిలిచింది. కాగితం చదవగానే టౌను వాళ్ళు తమ దగ్గర మిగిలిన నీళ్ళు తీసి చూశారట. మొదటి రెండు రోజుల వాటిలో యాసిడ్ లేదు. మూడో రోజుదే నిజమైన అంకె అని, ఇన్నేళ్ళ కాగితాలూ చెల్లవని రాసి పంపారు. వాల్వుకి తాళం పడింది.

లైనులోకి ఇంత పొడుగు కథ రాలేదు. వచ్చింది ఒక్క ముక్కే. సీసాల పిన్ని సీసాలు కడగలేదు, అందుకని నీళ్ళు ఆగిపోయాయి.

"ముసల్దానికి ఒళ్ళొంగలేదు, మన నోట్లో మన్ను పడింది," అని ఒకావిడ వినేలా అంది. ఇంకొకావిడ ఖాళీ బిందెను పిన్ని గుమ్మం ముందు ఠంగుమని దించి, మళ్ళీ ఎత్తుకుపోయింది.

కోడలు అందరూ వెళ్ళేదాకా ఆగింది. "నువ్వా అత్తయ్యా?" అంది. మీరు అనడం కూడా మర్చిపోయింది. "పదేళ్ళు నన్ను పైపై కడుగుతానని సాధించి... నువ్వా?"

పిన్ని టీ గ్లాసు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. చుక్కల సంగతి, చార సంగతి, ఇన్‌ఛార్జి సంగతి చెప్పింది. అబ్బాయి పేరు ఈ నెల పంపరేమో, అది కూడా చెప్పింది. కోడలు గ్లాసు గోడని వేలితో రుద్దింది. చార పోలేదు. చాలాసేపటికి, "మరి తొమ్మిదేళ్ళు?" అంది.

పిన్ని గ్లాసు వెనక్కి తీసుకుని బోర్లించింది.

ట్యాంకరు హారను మోగింది. ఇద్దరూ చెరో బిందె పట్టుకుని వెళ్ళారు. వాళ్ళకి వరసలో ఎవరూ చోటివ్వలేదు. అందరి తర్వాత, అడుగునున్న నీళ్ళు దొరికాయి. తిరిగొచ్చి బిందె దించేసరికి చిట్టిది దోసిలి పట్టింది. కోడలు చెంబు ముంచింది.

"ఈ నీళ్ళు ఎక్కడివే?" అంది పిన్ని.

"ఎక్కడివేంటి? వాగుపక్క బావిలోంచి తోడుకొస్తారుగా. మేకలావిడ ఇంటి దగ్గర..." కోడలి మాట అక్కడే ఆగిపోయింది. చెంబు గాల్లోనే ఉంది.

నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున చిల్లరేస్తే కనపడేంత తేటగా.

పిన్ని మనవరాలి దోసిలి మీద తన చెయ్యి కప్పి కిందికి దించింది. లోపలికి వెళ్ళి అన్నం సంచి అడుగునుంచి ఐదో సీసా తెచ్చింది. మూత విప్పింది. అరచెంచాడు చుక్క అలాగే ఉంది.

"పొయ్యి," అంది కోడలితో. "మెల్లగా. బయటికి పొర్లనియ్యకు."

కోడలు రెండు చేతులతో చెంబు పట్టుకుని పోసింది. మెడ దాకా రాగానే పిన్ని మూత బిగించి, కొంగుతో సీసా బయట మాత్రం తుడిచింది. చెప్పులు తొడుక్కుని, ల్యాబు పిల్ల పని ముగించుకుని వెళ్ళిపోకముందే సీసా అందించాలని గబగబా నడిచింది.